పాత కంప్యూటరునకు తగిన విండో మేనేజరు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను నిర్వహణ వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఉచిత రక్షణ సవరణలు నిలిచిపోయినవి. మరియొక యేడు పొడిగింపు పొందుటకు మార్గము చూపిరి గాని, అది గడువే గాని పరిష్కారము కాదు. తరువాతిదగు విండోస్ 11ను ఎక్కించుకొందమన్నచో, అది కనీసము 4 గిగాబైట్ల స్మృతిని, టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును, రమారమి 2018 నుండి వచ్చిన ప్రాసెసరును కోరును. కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు పట్టణములలో ఇంటర్మీడియట్ చదువు అమ్మాయి కొరకో, ఇంజనీరింగు చదువు అబ్బాయి కొరకో పది పండ్రెండేండ్ల క్రిందట కొన్న కంప్యూటర్లు పెక్కు ఈ గీటునకు ఈవలనే నిలిచిపోయినవి.

యంత్రము చెడలేదు. తెర వెలుగుచునే యున్నది. మీటలు పలుకుచునే యున్నవి. ఆగినది వెలుపలినుండి దానికి రావలసిన రక్షణ మాత్రమే. వానను నమ్ముకొని వేరుసెనగ వేయు ఇంటిలో కొత్త కంప్యూటరు కొనుట యనగా ఆ యేటి పంట లెక్కయే తారుమారగుట. "ఏమబ్బీ, ఈ డబ్బా ఇంక పనికి రాదా?" అని ఇంటి పెద్దామె అడిగినపుడు, "వస్తాదిలే అవ్వా" అని ధైర్యముగా చెప్పుటకు నేడు మనకున్న మార్గము లినక్స్.

లినక్స్‌ను స్థాపించు విధానము నేటి ప్రసంగమునకు విషయము కాదు. స్థాపించిన పిదప తెరమీది కిటికీలను సర్దిపెట్టు విండో మేనేజరును ఎట్లు ఎన్నుకొనవలెను, తక్కువ స్మృతి గల పాత యంత్రమునకు ఏది తేలిక, ఆ తేలికదనమునకు మనము చెల్లించు మూల్యమేమి, అను మూడు సంగతులను మాత్రమే విన్నవింతును.

పెండ్లిలో వంట చేయువారు వేరు, వడ్డించువారు వేరు. వచ్చినవారిని పలుకరించి, "మీరిక్కడ కూర్చోండి, వారికి ఆ చోటు విడువండి" అని పంక్తి తీర్చువాడు వేరు. ఇతడు వండడు, వడ్డింపడు. కాని ఇతడు లేనిచో పందిటిలో ఒకరిమీద ఒకరు పడుదురు. కంప్యూటరు తెరమీద ఈ పంక్తి తీర్చువాడే విండో మేనేజరు. ఉత్తరము వ్రాయు కిటికీ ఎక్కడ నుండవలెను, పాటల కిటికీ దానిపైకి రావలెనా క్రిందికి పోవలెనా, పైపట్టీలో పేరు, మూయు గుర్తు ఎట్లు కనబడవలెను, ఇవన్నియు దాని యధీనము.

ఈ పని వేరొక కార్యక్రమమునకు అప్పగింపబడుట విండోస్ వాడుకకు అలవాటుపడిన వారికి వింతగా తోచును. దానికి కారణము చరిత్రలో కలదు. 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఎక్స్ అను చిత్రణ వ్యవస్థ పుట్టినది. దాని పదునొకండవ రూపము 1987లో వెలువడినది. తెరమీద గీయుట, మౌస్ కదలికను గుర్తించుట తన పని యనియు, కిటికీల యమరిక వాడువారి ఇష్టమనియు దాని నిర్మాతలు నిశ్చయించుకొనిరి. అందువలన ఎవరికి తోచినట్లు వారు విండో మేనేజర్లను వ్రాసిరి. 1987లోనే టామ్ లాస్ట్రేంజ్ అను నతడు వ్రాసిన టీడబ్ల్యూఎం మొదలుకొని నేటివరకు పుట్టినవానిని లెక్కించుట కష్టము. లినక్స్ 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ చేత ఆరంభింపబడినపుడు ఈ సంపద యంతయు దానికి సంక్రమించినది. 

గ్నోమ్, కేడీఈ అనునవి విండో మేనేజరు మాత్రమే కావు. అవి ఇంటినిండ పరివారము గల సంస్థానముల వంటివి. పంక్తి తీర్చువాడు, కావలివాడు, దీపము వెలిగించువాడు, గంట కొట్టువాడు అందరును అందులోనే యుందురు. వీటిని డెస్క్‌టాప్ పరిసరములందురు. మనము తేలికను కోరి ఒక్క విండో మేనేజరును మాత్రమే తెచ్చుకొన్నచో, తక్కినవారు రారు. ఈ సంగతి మరచినందువలననే పెక్కు చిక్కులు వచ్చును. దానిని గూర్చి ముందు చెప్పెదను.

ఇంతకును తేలిక యనగా నేమి? కర్నూలు-కడప కాలువను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. సుంకేసుల ఆనకట్టవద్ద తుంగభద్ర నీరు కాలువలో ప్రవేశించును. పైభాగపు పొలములు తడిసిన పిదప మిగిలినదే కడప వైపున నున్న చివరి ఆయకట్టునకు చేరును. కంప్యూటరులోని ర్యామ్ అను స్మృతియు నట్టిదే. మొదట నిర్వహణ వ్యవస్థ, పిదప డెస్క్‌టాప్ పరిసరము తమ వంతు తీసికొనును. చివరి పొలము మీ బ్రౌజరు. పైవారు ఎక్కువ వాడుకొన్నచో అది ఎండును. అప్పుడు యంత్రము డిస్కులో కొంత చోటును స్మృతిగా వాడుకొనుటకు ఆరంభించును. డిస్కు స్మృతికంటె ఎన్నో రెట్లు నెమ్మది గనుక, మీట నొక్కి కాఫీ త్రాగి వచ్చినను కిటికీ తెరచుకొనదు.

గ్నోమ్ వంటి పూర్ణపరిసరముతో యంత్రము ఏ పనియు చేయకుండ ఊరక నున్నపుడే ఒక గిగాబైటు దరిదాపు స్మృతి వెచ్చమగుట సామాన్యము. ఎక్స్‌ఎఫ్‌సీఈతో అది సుమారు సగమునకు దిగును. ఓపెన్‌బాక్స్, ఐస్‌డబ్ల్యూఎం వంటి వట్టి విండో మేనేజర్లతో రెండు మూడు వందల మెగాబైట్లతో సరిపుచ్చవచ్చును. 2 గిగాబైట్ల యంత్రమునకు ఈ భేదము ప్రాణప్రదము. 8 గిగాబైట్లున్న యింటిలో దీనికై తల బ్రద్దలు కొట్టుకొనుట వృథా. ఏది ముచ్చటగా నున్న దానిని ఉంచుకొనవచ్చును. 

ఇచ్చట ఒక నిజము దాచరాదు. నేటి బ్రౌజరులో నాలుగైదు పుటలు తెరచినచో మనము విండో మేనేజరుచేత మిగుల్చుకొన్నదంతయు అది ఒక్క గ్రుక్కలో త్రాగివేయగలదు. కావున తేలికయైన విండో మేనేజరును పెట్టినంత మాత్రమున ముసలి గుర్రము పందెము గెలుచునని ఆశపడరాదు. నన్నడిగినచో మొదట చేయవలసినవి వేరే కలవు. మన ప్రాంతపు ధూళికి లోపలి పంఖా మూసికొనిపోయి, నలుబది డిగ్రీల యెండలో ప్రాసెసరు వేడెక్కి తన వేగమును తానే తగ్గించుకొనును. ముందు దానిని శుభ్రము చేయించవలెను. తిరుగుడు డిస్కును తీసి ఎస్ఎస్‌డీ వేయించినచో కలుగు లాభము ఏ విండో మేనేజరు వలనను కలుగదు. ఈ రెండును అయిన తరువాతనే తక్కిన మాట.

విండో మేనేజర్లలో స్థూలముగా రెండు తెగలు. ఒక తెగలో కిటికీలు బల్లమీది కాగితములవలె ఒకదానిపై నొకటి ఉండును. విండోస్ వాడినవారికి పరిచయమైనది ఇదే. రెండవ తెగ బేతంచెర్ల నాపరాళ్లు పరచినట్లుండును. కిటికీలన్నియు సందు లేకుండ ప్రక్కప్రక్కన అమరిపోవును, ఒకటి మరియొకదానిని కప్పదు. 2006లో వచ్చిన డీడబ్ల్యూఎం, 2009లో మైఖేల్ స్టాపెల్‌బర్గ్ ఆరంభించిన ఐ3 ఈ రెండవ తెగవి. డీడబ్ల్యూఎం మూలరచన రెండువేల పంక్తులు మించరాదని దాని కర్తలు నియమము పెట్టుకొనిరి. మౌస్‌తో పనిలేక వ్రేళ్లతోనే సమస్తమును నడుపు వారికి ఇవి వరములు.

ఇంటిలోని అందరికిని వరములు కావు. ఈ మాట అనుభవము మీద చెప్పుచున్నాను. ఒకమారు మా అక్కయ్య యింటి పాత ల్యాప్‌టాప్‌లో నా ఉత్సాహముకొలది ఐ3ని ఎక్కించితిని. ఆమె దానిని తెరచి చాలసేపు చూచి, "ఏందిరా ఇది, తెర ఉండాది, ఏమీ కనపడదు?" అన్నది. నిజమే. అచ్చట గుర్తులు లేవు, పట్టిక లేదు. ఏ రెండు మీటలు కలిపి నొక్కవలెనో తెలిసినవానికే అది పలుకును. నాలుగు దినములు కాగితముపై మీటల పేర్లు వ్రాసికొని తంటాలు పడి, ఆమె దానిని మూసి బీరువా మీద పెట్టినది.

ఆ పిదప ఐ3ని తీసివేసి ఓపెన్‌బాక్స్ పెట్టితిని. 2002లో డానా జాన్సెన్స్ మొదలుపెట్టిన ఈ విండో మేనేజరు మొదటి తెగలోనిది. దాని స్వంత ఖర్చు చాల స్వల్పము. తెరమీద ఖాళీచోట మౌస్ కుడిమీట నొక్కినచో పట్టిక వచ్చును. అక్కయ్యకు ఇది వెంటనే పట్టుబడినది, నేనును సంతోషించితిని. రెండు వారములు గడచిన పిదప ఒక సాయంకాలము మా మేనకోడలు ఒక ప్రవేశపరీక్షకు దరఖాస్తు నింపుచుండగా కరెంటు పోయినది. ల్యాప్‌టాప్ బ్యాటరీమీద నడచుచునే యున్నది. పది నిమిషములకో పదునైదు నిమిషములకో ఏ హెచ్చరికయు లేకుండ చప్పున ఆరిపోయినది. ఆనాడే గడువు చివరి దినము. రాత్రి పదిగంటలకు వీధి చివరి నెట్ సెంటరువానిని బ్రతిమాలి, మూసిన తలుపు తెరిపించి, దరఖాస్తు మొదటినుండి నింపవలసి వచ్చినది.

తప్పు ఓపెన్‌బాక్స్‌ది కాదు, నాది. బ్యాటరీ తరిగినదని చెప్పుట విండో మేనేజరు పని కాదు. నేను పంక్తి తీర్చువానిని మాత్రమే తెచ్చి, గంట కొట్టువానిని తేలేదు. వట్టి విండో మేనేజరును ఎంచుకొన్నవారు స్వయముగా సమకూర్చుకొనవలసినవి కొన్ని కలవు: బ్యాటరీని కనిపెట్టుచుండు చిన్న కార్యక్రమము, వైఫైని కలుపుటకు గుర్తు, ధ్వనిని పెంచి తగ్గించు సాధనము, పెన్‌డ్రైవ్ పెట్టగానే దానిని తెరచు ఏర్పాటు, తెలుగున వ్రాయుటకు ఐబస్ వంటి లేఖన సాధనము. ఓపెన్‌బాక్స్‌లో ఆటోస్టార్ట్ అను ఒక చిన్న దస్త్రము కలదు. వీటి పేర్లను అందులో వరుసగా వ్రాసినచో యంత్రము మేల్కొనగానే అవియు మేల్కొనును. ఐబస్‌ను అందులో వ్రాయుట మరచి, "లినక్స్‌లో తెలుగు రాదు" అని నిందించువారిని చూచితిని.

ఇంత శ్రమ వద్దనుకొన్నవారికి మధ్యమార్గము కలదు. 2006లో తైవాన్ దేశస్థుడు హాంగ్ జెన్ యీ ఆరంభించిన ఎల్ఎక్స్‌డీఈ, దాని తరువాతి తరమగు ఎల్ఎక్స్‌క్యూటీ అనునవి తేలికయైన పరిసరములు. వాటిలో కిటికీలను సర్దునది తరచుగా ఓపెన్‌బాక్సే. గంట కొట్టువారు, దీపము వెలిగించువారు మితముగా వెంట వత్తురు. 2 గిగాబైట్ల యింటికి నేను దీనినే చెప్పుదును. 4 గిగాబైట్లున్నచో 1996లో ఓలివియే ఫూర్దాన్ మొదలుపెట్టిన ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడచును. ఒక్క గిగాబైటే యున్న మరీ ముసలి యంత్రమునకు 1997లో మార్కో మాచెక్ వ్రాసిన ఐస్‌డబ్ల్యూఎం తగినది. దాని క్రిందిపట్టీ, పట్టిక వెనుకటి విండోస్‌ను పోలియుండుటచే పెద్దలకు కొత్త యుండదు. యాంటిఎక్స్ అను లినక్స్ కూర్పులో ఇది కుదిర్చియే యిత్తురు.

ఇక మన భాషకు సంబంధించిన ముఖ్యవిషయము. విండో మేనేజర్లను పోల్చు వ్యాసములలో ఇది సాధారణముగా కానరాదు, ఏలయనగా వాటిని వ్రాయువారు అధికముగా రోమను లిపివారు. తెలుగునకు యూనికోడ్‌లో స్థానము 1991లో, దాని తొలి కూర్పులోనే లభించినది. కాని ప్రతి అక్షరమునకు సంఖ్య ఉండుట వేరు, అక్షరములను కూర్చి ఒత్తులుగా, గుణింతములుగా గీయుట వేరు. "స్త్రీ" అను నొక్క అక్షరములో ఆరు సంఖ్యలు దాగియున్నవి: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈకారపు గుడి. ఈ ఆరింటిని చూచి ఒక్క ఆకృతిగా మలచు కార్యక్రమము కావలెను. పాంగో అను గ్రంథాలయము ఆ పని చేయించును. ఓపెన్‌బాక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈలోని విండో మేనేజరు, ఐ3, ఇవన్నియు పాంగోను వాడును గనుక కిటికీ పైపట్టీలో తెలుగు పేరు చక్కగా నుండును. టీడబ్ల్యూఎం, ఫ్లక్స్‌బాక్స్, డీడబ్ల్యూఎంలు దానిని వాడవు. వాటిలో "స్త్రీ" అనునది సకారపు పొల్లు, తకారపు పొల్లు, రీ అని ముక్కచెక్కలై కనబడును. ఐస్‌డబ్ల్యూఎం విషయము కూర్పును బట్టి మారును. దానిని కంటితో చూచియే నమ్మవలెను.

బ్రౌజరులోను, ఉత్తరములు వ్రాయు కిటికీలోను లోపలి తెలుగునకు ఈ బాధ లేదు. ఆ కార్యక్రమములు తమ అక్షరములను తామే గీసికొనును. చెడునది పైపట్టీ, క్రిందిపట్టీ, పట్టికలు. అది చిన్న విషయమని కొందరందురు. నాకట్లు తోచదు. ఆరు దస్త్రములు తెరచియున్నపుడు ఏది కౌలు కాగితమో ఏది పాఠమో ఆ పట్టీ చూచియే కదా తెలిసికొనుట. పైగా, 1820లో ఉద్యోగియై వచ్చిన బ్రౌను దొర పిమ్మట ఇక్కడనే బంగళా కొని, పండితులను కూర్చుండబెట్టి, ప్రతులన్నియు ఒత్తు తప్పకుండ సరిచూపించిన యూరు కడప. ఆ యూరి యింటిలో తెలుగు పొల్లులు రాలుచున్న తెరను పిల్లల యెదుట పెట్టుటకు మనసొప్పదు.

ముద్రాక్షరములను గూర్చి ఒక మాట. డెబియన్ కూర్పులో ఫాంట్స్-తెలు అను పొదిని తెచ్చుకొన్నచో లోహిత్ తెలుగుతోబాటు తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన అను ఖతులును వచ్చును. పోతన మావాడే యను ఒంటిమిట్టవారికి, వేమనను తమవానిగా నెంచు సీమవారందరికిని ఈ పేర్లు ప్రీతి కలిగించుననుటలో సందేహము లేదు. లినక్స్‌ను తెలుగు చేయుటకు 2005 నుండి స్వేచ్ఛ సంస్థవారును, గ్నోమ్, కేడీఈల అనువాదకులును స్వచ్ఛందముగా చేసిన కృషియు స్మరింపదగినది.

ఓపెన్‌బాక్స్ చివరి కూర్పు 2015లో వెలువడినది. పదేండ్లు దాటినను కొత్తది రాలేదేమని కొందరు శంకింతురు. ఇంటిలోని రోలునకు ఏటేట కొత్త కూర్పు అక్కరలేదు గదా! అయినను దాని క్రిందనున్న ఎక్స్ వ్యవస్థయే క్రమముగా తప్పుకొనుచున్న మాట నిజము. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ఆరంభించిన వేలాండ్ దాని స్థానమును ఆక్రమించుచున్నది. 2025 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 49లో ఎక్స్ పద్ధతిని మొదటనే మూసిపెట్టిరి. వేలాండ్‌లో ఓపెన్‌బాక్స్ నడవదు. దానిని అనుసరించి చేసిన ల్యాబ్‌డబ్ల్యూసీ కలదు. రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటర్లవారు 2024 అక్టోబరులో దానికే మారిరి. పాత యంత్రము కలవారు దీనికి తొందరపడనక్కరలేదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో ఎక్స్ ఉన్నది. దానికి 2030 వరకు సవరణలు వచ్చును. అయితే ఆ డెబియన్ 13కు 32 బిట్ల యంత్రములపై స్థాపించు ప్రతి లేదు. యంత్రము 64 బిట్లదో కాదో ముందుగానే అడిగి తెలిసికొనవలెను.

ఏది ఎన్నుకొన్నను డిస్కును ముట్టకముందు పెన్‌డ్రైవ్ మీదినుండియే నడిపి చూడవచ్చును. లినక్స్ కూర్పులు పెక్కింటికి అట్టి సౌకర్యము కలదు. నడిపిన పిదప "స్త్రీ" అను పేరుతో ఒక దస్త్రము సృష్టించి తెరచి, పైపట్టీ చూడుడు. ఛార్జరు తీసి బ్యాటరీ హెచ్చరిక వచ్చువరకు వేచియుండుడు. బ్రౌజరులో మీకు నిత్యము కావలసిన పుటలన్నియు తెరచి, ఫ్రీ అను ఆజ్ఞ ఇచ్చి ఎంత స్మృతి మిగిలినదో గమనింపుడు. ఇవన్నియు మీరొక్కరే చేయక, ఆ యంత్రమును ఎక్కువగా వాడువారిని కూర్చుండబెట్టి చేయింపుడు.

ఓపెన్‌బాక్స్ పట్టిక కేవలము ఒక వ్రాతదస్త్రము. అందులోని పేర్లను మనమే తెలుగున వ్రాసికొనవచ్చును. లిబ్రాఫీస్ రైటర్ అని యుండవలసిన చోట మనకు నచ్చిన మాట పెట్టుకొనవచ్చును. మా అక్కయ్య పట్టికలో ఇప్పుడు "ఉత్తరాలు", "పాటలు", "పాప దరఖాస్తులు", "రేడియో", "లెక్కలు" అని యున్నవి. ఆ ల్యాప్‌టాప్ బీరువా మీదినుండి దిగి మూడవ వేసవి గడచినది. మొన్న పోయినపుడు చూడగా, యంత్రమును ఆర్పు మీటకు నేను పెట్టిన "నిష్క్రమణ" అను పేరును తీసివేసి, "ఇంక చాల్లే" అని తానే మార్చుకొన్నది.